బిళ్ల ఇచ్చి పుస్తకం

ఏం ఉద్యోగం చేశావని ఎవరైనా అడిగితే అంబదాస్, మిగతా గనివాళ్లలా "బాయి పని" అని చెప్పేవాడు కాదు. "ల్యాంపు రూం" అనేవాడు. ఆ రెండు మాటలు అనేటప్పుడు అతని మెడ కాస్త నిటారుగా అయ్యేది. కాకపోతే మరేమిటి? బొగ్గుగనిలోకి దిగే ప్రతి మనిషీ ముందు అతని కిటికీ దగ్గరికి రావాల్సిందే. తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి, నెత్తిన పెట్టుకునే దీపం తీసుకోవాల్సిందే. దీపం తీసిన చోట, మేకుకు ఆ బిళ్ల వేలాడుతుంది. షిఫ్టు అయ్యాక దీపం తిరిగి అప్పగించి బిళ్ల పట్టుకుపోవాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి పైకి వచ్చినట్టు. బిళ్ల వేలాడుతోందంటే ఇంకా భూమి లోపలే ఉన్నట్టు. ముప్పై మూడేళ్లు ఆ కిటికీ వెనక నిలబడి అంబదాస్ ఒక్కరికి కూడా, ఆఖరికి మేనేజరుకు కూడా, బిళ్ల లేకుండా దీపం ఇవ్వలేదు. ఒక్క దీపం పోనివ్వలేదు. అందుకు కొందరు మెచ్చుకున్నారు, చాలామంది తిట్టుకున్నారు. అతను రెండూ చెవిన పెట్టలేదు.

ఇలాంటి మనిషి రిటైరై ఇంట్లో కూర్చుంటే ఆ ఇంటి గతి ఏమవుతుందో ఊహించుకోండి. వంటింట్లో గరిటెలకు మేకులు కొట్టాడు. చెప్పులకు గీతలు గీసి ఎవరివి ఎక్కడ విడవాలో నిర్ణయించాడు. భార్య సమ్మవ్వ మూడు నెలలు ఓపిక పట్టింది. ఆమె బెల్లంపల్లికి ఇవతల కాలనీ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఒకరోజు ఉప్పు డబ్బా తన చోట కనపడక వెతికి వెతికి, చివరికి దాని మీద నంబరు వేసి పైఅరలో పెట్టి ఉండటం చూసేసరికి ఆమె ఓపిక అయిపోయింది.

"నడువయ్యా, బడికి నడు. వంకాయలు కోద్దువు. ఇంట్ల ఉంటె నాకు సుత ఓ బిళ్ల ఏలాడగడ్తవు."

అలా అంబదాస్ అరవై రెండో ఏట బడిలో చేరాడు. వాంకిడి అవతల అడవి పల్లెలో పుట్టి, రెండో తరగతితో బడి మానేసిన మనిషి. మళ్లీ బడి మెట్లెక్కినప్పుడు చేతిలో కత్తిపీట ఉంది.

ఆ బడిలో నవనీత అని ఆరో తరగతి టీచరు. జమ్మికుంట నుంచి బదిలీ మీద వచ్చింది. నిదానంగా మాట్లాడుతుంది గానీ పట్టిన పట్టు వదలదు. బడికొచ్చిన కథల పుస్తకాలన్నీ హెడ్మాస్టరు గదిలో ఇనప బీరువాలో తాళం వేసి ఉండేవి. చెదలకు తప్ప వాటితో ఎవరికీ పని లేదు. నవనీత బతిమాలి, పోట్లాడి, నూరు పుస్తకాలు తన తరగతి గదిలోకి తెచ్చుకుంది. కిటికీ పక్కన చెక్క అరలు కొట్టించి పిల్లల చేతికందేలా పెట్టింది. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకోవచ్చంది. పిల్లలు ఆ మాటను అక్షరాలా పాటించారు. రెండు నెలల్లో నూరు పుస్తకాలు డెబ్బయ్యేడు అయ్యాయి.

హెడ్మాస్టరు కిషన్‌రావు చెడ్డవాడు కాదు. భయస్థుడు. స్టాకు రిజిస్టరు అంటే ఆయనకు పాముని చూసినంత భయం.

"నవనీత మేడం, గీ పుస్తకాలన్నీ నా పేరు మీదున్నయ్. ఇంకొక్కటి కనవడకుంటె మాత్రం, అన్ని మల్ల బీరువలకే. గంతే."

ఆ మాట అన్నప్పుడు వరండాలో వంకాయలు కోస్తున్న అంబదాస్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. వస్తువు తీసుకోవడం, తిరిగి రాకపోవడం! ముప్పై మూడేళ్లు అతను ఏ జబ్బుకు వైద్యం చేశాడో సరిగ్గా ఆ జబ్బే. సారు వెళ్లిపోయాక కత్తిపీట పక్కన పెట్టి లేచాడు.

"మేడం, నాకు అప్పజెప్పుండ్రి. ఒక్కటి పోతె నన్నడుగుండ్రి."

"ఎట్ల కాకా?"

"బిళ్ల ఇచ్చి పుస్తకం."

వంటశాలలో అడుగు చిల్లుపడి మూలన పడేసిన అల్యూమినియం గిన్నె ఉంది. దాన్ని కత్తిరించి ముప్పై నాలుగు గుండ్రటి బిళ్లలు చేశాడు. ఆరో తరగతిలో ఉన్నది ముప్పై నలుగురు పిల్లలు. మేకుతో కొట్టి ఒక్కో బిళ్ల మీద ఒక్కో నంబరు వేశాడు. ఒక చెక్కపలకకు నల్లరంగు పూసి, ముప్పై నాలుగు మేకులు దిగ్గొట్టి అర పక్కన గోడకు బిగించాడు. రోజూ చివరి నలభై నిమిషాలు చదువుకునే పీరియడు. పిల్లలు వరసలో వస్తారు, బిళ్ల ఇస్తారు, పుస్తకం పట్టుకుపోతారు. లాంగ్ బెల్ కొట్టేసరికి పుస్తకం వెనక్కి, బిళ్ల జేబులోకి. తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ అంబదాస్ అటూ ఇటూ తిప్పి చూసి, మెత్తటి గుడ్డతో అట్ట తుడిచి, మూల మడిస్తే ఎవరు మడిచారో మొహం మీదే అడిగి, అప్పుడు గానీ అరలో పెట్టేవాడు కాదు.

పిల్లలకు ఈ ఆట భలే నచ్చింది. బిళ్లలకు తాడు కట్టి మెడలో వేసుకు తిరిగారు. అంబదాస్‌కు ల్యాంపు తాత అని పేరు పెట్టారు. నాలుగు నెలలు గడిచాయి. ఒక్క పుస్తకం పోలేదు, ఒక్క కాగితం చిరగలేదు. కిషన్‌రావు ఎవరొచ్చినా చెయ్యి పట్టుకుని ఆ గదికి తీసుకెళ్లి చూపించడం మొదలుపెట్టాడు, అదంతా తన ఆలోచనే అన్నట్టు. అంబదాస్ మూల నిలబడి మీసాల్లో నవ్వుకునేవాడు. రిటైరయ్యాక మనిషి మొహంలోకి మళ్లీ కళ వచ్చిందని సమ్మవ్వ ఇరుగుపొరుగుతో చెప్పుకుంది.

అసలు సంగతి ఒక శనివారం బయటపడింది. ఆ రోజు నవనీత పిల్లలందరినీ కూర్చోబెట్టి, చదివిన కథ ఒక్కొక్కరూ చెప్పాలంది. అంబదాస్‌ను కూడా పిలిచి కుర్చీ వేసింది. మొదట సాయిచంద్ లేచాడు. గొంతు సవరించుకుని దర్జాగా మొదలుపెట్టాడు. రాజు, అడవి, వేట, పొదలో ఏదో కదలడం. వింటున్నవాళ్లు ఊపిరి బిగబట్టారు.

"గప్పుడు రాజు కత్తి దూసిండు. పొద దగ్గరికి పోయిండు. మెల్లగ కొమ్మ పక్కకు జరిపిండు..."

"జరిపితే?" అంది నవనీత.

"గంట కొట్టిండ్రు మేడం."

గది గొల్లుమంది. నవనీతా నవ్వింది. తర్వాతి పిల్ల కథలో పడవ నది మధ్యలో చిల్లుపడింది, గంట కొట్టారు. ఇంకొకడి కథలో దొంగ గోడ దూకాడు, కాళ్లు నేలకు తగలకముందే గంట కొట్టారు. పదిమంది అయ్యేసరికి నవనీత మొహంలో నవ్వు పోయింది. ముప్పై నలుగురికీ కథల మొదళ్లు వచ్చు. ఒక్కరికీ చివర రాదు. మర్నాడు అదే పుస్తకం అందుకుందామంటే వరసలో ముందున్నవాడు పట్టుకుపోతాడు. దాచిపెట్టమంటే ల్యాంపు తాత ఒప్పుకోడు.

సాయంత్రం ఆమె అంబదాస్‌ను వరండాలో కలిసింది.

"కాకా, పుస్తకాలు ఇంటికి పంపుదాం. రెండు మూడు రోజులుంచుకోని సదువుకోని తెస్తరు. బిళ్ల గోడకే ఉండనియ్యి."

"ఇంటికా?" అంబదాస్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "రాత్రంత బిళ్ల గోడకు ఏలాడాలెనా?"

"ఏలాడితె ఏమైతది కాకా?"

"గట్ల కాదు మేడం. నా చేతుల గట్ల కాదు."

చెప్పి విసవిసా వెళ్లిపోయాడు. ఎప్పుడూ మేడం మాట దాటని మనిషి అలా కసురుకోవడం నవనీతకు వింతగా తోచింది. సారు అన్న బీరువా మాటకు భయపడుతున్నాడు కాబోలు అనుకుంది. అదొక్కటే అయితే బాగానే ఉండేది.

మొగిలి అని అంబదాస్‌కు ప్రాణస్నేహితుడు ఉండేవాడు. గనిలో ట్రామరు, బొగ్గు టబ్బులు తోసే పని. పొద్దున షిఫ్టుకు వచ్చి రోజూ బిళ్ల కిటికీలో ఠక్కున కొట్టి "ఇంక నిద్రలేవలేదా, అంబన్నా?" అనేవాడు. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి షిఫ్టు దిగింది. అందరూ దీపాలిచ్చి వెళ్లిపోయారు. గోడ మీద ఒక్క బిళ్ల మిగిలింది. మాటల్లో పడి ఎక్కడో ఆగి ఉంటాడని అంబదాస్ కాసేపు చూశాడు. ఎంతసేపు చూశాడంటే, ఒక చాయ్ తాగినంతసేపు. ఆ తర్వాతే రెండో షిఫ్టువాళ్లను కేకేశాడు. లోపలికి దిగినవాళ్లకు మొగిలి పట్టాల పక్కన గోడకు ఆనుకుని కూర్చుని కనిపించాడట. గుండె ఆగిపోయింది. ఎవరి తప్పూ లేదు, ముందే వెళ్లినా బతికేవాడు కాదని డాక్టరు కూడా చెప్పాడు. నెత్తిన దీపం మాత్రం వెలుగుతూనే ఉందట. ఆ చాయ్ అంబదాస్ ఎన్నటికీ మర్చిపోలేదు. అప్పటినుంచి గోడకు బిళ్ల మిగిలితే అతనికి కాలూ చెయ్యీ ఆడదు. ఇది సమ్మవ్వకు తప్ప ఎవరికీ తెలీదు. టీచరమ్మకు ఎలా చెబుతాడు?

కాబట్టి పద్ధతి మారలేదు. నవనీత మళ్లీ రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ తల అడ్డంగా ఊపాడు. కథలన్నీ సగంలో ఆగుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత వారం, శుక్రవారం. కిషన్‌రావు మండలాఫీసులో మీటింగుకు పోయాడు. లాంగ్ బెల్ అయింది, పిల్లలు పోటెత్తి బయటపడ్డారు. అంబదాస్ పుస్తకాలు తుడిచి, సర్ది, పలక వైపు చూశాడు. పంతొమ్మిదో మేకుకు బిళ్ల వేలాడుతోంది.

మళ్లీ చూశాడు. పంతొమ్మిది అంటే భూమిక, కాలనీలో మూడో వరస ఇళ్లలో ఉండే పిల్ల. మాట్లాడటం తక్కువ, ఎప్పుడూ వరస చివర నిలబడుతుంది. అరల్లో వెతికాడు, బెంచీల కింద వంగి చూశాడు. 'ఎలుగుపిల్ల రైలెక్కింది' అనే పుస్తకం లేదు.

ఈసారి అతను చాయ్ తాగినంతసేపు ఆగలేదు. గది తాళం వెయ్యడం కూడా మర్చిపోయాడు. వంటశాలలోంచి సమ్మవ్వ "ఏమైంది?" అని అరిచినా పలకలేదు. పోయింది పుస్తకం. పోతే తేవలసింది పుస్తకం. ఆ సంగతి అతని బుర్రకు తెలుసు, కాళ్లకు తెలీదు. చిన్న చిన్న అడుగులేస్తూ పరుగులాంటి నడకతో కాలనీ దాటాడు. భూమిక ఇంటి ముందు వాళ్లమ్మ బట్టలు ఆరేస్తోంది.

"ఇంక రాలే కాకా, దోస్తులతోటి ఆడుకుంటుందేమో."

రాలేదన్న మాట వినగానే వెనక్కి తిరిగాడు. రెండు వీధులు తిరిగాడు. కిరాణా కొట్టు దగ్గర అడిగాడు. చివరికి కాలనీ నీళ్ల ట్యాంకు దగ్గర, ఇనపమెట్ల కింద సిమెంటు దిమ్మె మీద కనిపించింది. ఒళ్లో పుస్తకం. పక్కన పడేసిన బడి సంచీ పట్టీని ఎవరిదో మేక తీరుబడిగా నములుతోంది. పిల్లకు ఆ స్పృహే లేదు.

"భూమికా!"

వినలేదు. పెదాలు కదులుతున్నాయి. నవ్వబోయింది, ఆగింది, పేజీ తిప్పింది. మొహం చిన్నబోయింది. అంబదాస్ నాలుగడుగుల దూరంలో నిలబడి ఊపిరి తీసుకున్నాడు. పిల్ల బాగానే ఉంది. ఏమీ కాలేదు. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ ఆ ఊపిరితోపాటే బయటికి పోయాయి. ముందు మేకను అదిలించాడు. ఆ అలికిడికి భూమిక తలెత్తింది. షిఫ్టు దిగి ఎండలోకి వచ్చిన మనిషిలా కళ్లు చికిలించింది. ఎక్కడున్నదీ తెలియడానికి ఆమెకు కొంతసేపు పట్టింది. తెలిశాక కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"తాతా, నేను దొంగతనం చెయ్యలే. రేపు పొద్దుగాల పెడ్దామనుకున్న."

"గంట కొట్టిండ్రు గద. ఇనవడలేదా?"

"ఇనవడ్డది."

"మల్ల?"

"ఎలుగుపిల్ల ఇంక బోగీలనే ఉన్నది తాతా. వాళ్లమ్మ దొరకలే. బయట తలుపేసిండ్రు. దాన్ని గట్లనే ఇడిసిపెట్టి ఎట్లొస్త?"

లోపల ఒకరు మిగిలి ఉండగా వదిలేసి రాలేనంటోంది పన్నెండేళ్ల పిల్ల. అది తప్పని చెప్పడానికి లోకంలో అందరికీ నోరు రావచ్చు గానీ అతనికి ఎలా వస్తుంది? నాలుగు నెలలుగా రోజూ గంట కొట్టగానే ముప్పై నలుగురిని చెయ్యి పట్టి సగంలోంచి లాగేస్తున్నది తనేనని అతనికి అప్పుడు తట్టింది. సిగ్గుపడ్డాడు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా దిమ్మె అంచు మీద కూర్చున్నాడు.

"ఎన్ని పేజీలున్నయ్ బిడ్డా?"

"పదకొండు."

"సదువు. నేనుంట."

పిల్ల చదివింది. అతను మేకను కాస్తూ కూర్చున్నాడు. ఎండ ట్యాంకు అవతలికి జరిగింది. కాసేపటికి భూమిక పుస్తకం మూసి అతని భుజం మీద తట్టింది.

"దొరికింది తాతా! వాళ్లమ్మ దొరికింది!"

"దొరికిందా!" అన్నాడు అంబదాస్. మొహం అటు తిప్పి తువ్వాలుతో తుడుచుకున్నాడు. పుస్తకం అడగలేదు. "ఇంటికి వట్కపో. మీ అవ్వకు సుత సదివి ఇనిపియ్యి. రేపు తే."

మర్నాడు పొద్దున కిషన్‌రావు అందరికంటే ముందు బడికొచ్చాడు. రాగానే చూసింది తాళం లేని గదిని. తర్వాత చూసింది పలక మీద వేలాడుతున్న పంతొమ్మిదో బిళ్లని. అంబదాస్ వచ్చేసరికి ఆయన బీరువా తాళంచెవి చేతిలో పట్టుకుని అరల ముందు నిలబడ్డాడు. నవనీత పక్కన తల వంచుకుని ఉంది. అప్పుడే సంచీతో భూమిక గుమ్మంలోకి వచ్చి, సారుని చూసి అక్కడే బిగుసుకుపోయింది. పిల్ల సంచీలోంచి పుస్తకం తీసి అరలో పెట్టేసి, నిన్న తుడవడానికి పట్టుకెళ్లి ఇందాకే పిల్ల చేతికిచ్చానని అంబదాస్ ఒక చిన్న అబద్ధం ఆడితే సరిపోయేది. ఆ అబద్ధం అతని నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అలా అంటే సాయంత్రం మళ్లీ గంట కొడతారు, మళ్లీ అందరూ సగంలో ఆగుతారు.

"నేనే ఇంటికి పంపిన సారూ," అన్నాడు.

"మీరా? రూలు పెట్టింది మీరే గద!"

"పెట్టుడే తప్పయింది. దీపమైతె గంటకు రావాలె, ఎందుకంటె మనిషి గంటకు పైకి రావాలె. పుస్తకం గట్ల గాదు సారూ. పొల్ల ఇంక లోపల్నే ఉంటె నేను కిటికీ మూసి ఇంటికి పోతున్న. గిన్ని రోజులు గదే చేసిన. ఇంగ చెయ్య."

కిషన్‌రావుకు సగమే అర్థమైంది. "రేపు రాకుంటె? ఎల్లుండి రాకుంటె? జవాబు ఎవరిది?"

"నాది. బిళ్ల మీద నంబరున్నది. ఇంటింటికి నేను పోత. బీరువల వెట్టినా చెదలు తింటయి సారూ. చెదల దగ్గర బిళ్ల తీసుకోలేం గద."

నవనీత నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది. కిషన్‌రావు తాళంచెవిని అటూ ఇటూ తిప్పాడు, రిజిస్టరును తలచుకుని నిట్టూర్చాడు, చివరికి దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నెల రోజులు. ఒక్కటి పోయినా నేనూరుకోను," అని వెళ్లిపోయాడు. భూమిక గబగబా లోపలికి వచ్చి, పుస్తకం అరలో పెట్టి తన బిళ్ల తీసుకుంది.

ఆ సాయంత్రం గంట కొట్టాక పుస్తకాలు వెనక్కి ఇమ్మని అంబదాస్ పిల్లలను అడగలేదు. కావలసినవాళ్లు పట్టుకుపొమ్మన్నాడు. నమ్మలేక కొందరు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూశారు. రేపు ఆదివారం, మళ్లీ సోమవారానికి గానీ బడి లేదు. బడి ఖాళీ అయింది. పలక మీద ఇరవై ఆరు బిళ్లలు మిగిలాయి.

అంబదాస్ వాటి ముందు నిలబడ్డాడు. ఒక్క బిళ్లకే పరుగు తీసే మనిషి. తాళం చేతిలో పట్టుకుని ఒక్కో నంబరూ మనసులో చదువుకున్నాడు. ప్రతి నంబరుకూ ఒక మొహం ఉంది, ఆ మొహం ఎక్కడో ఒక గుమ్మంలో, ఒక మంచం మీద, ఒక పుస్తకంలోకి వంగి ఉంటుంది. దడదడలాడుతోందేమోనని గుండె మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. అది మామూలుగానే కొట్టుకుంటోంది. గిన్నెలు కడిగి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ సమ్మవ్వ వచ్చింది. గోడ చూసి ఆమె గతుక్కుమంది. ఆయన ఆ మొగిలి రోజు ఎలా ఉన్నాడో ఆమె చూసింది కదా.

"ఏందయ్యా గివన్ని? అందరు ఇచ్చిపోలేదా?"

"ఇరవయ్యారుమంది లోపల్నే ఉన్నరు," అన్నాడు అంబదాస్, తలుపు దగ్గరగా లాగి తాళం వేస్తూ. "ఉండనియ్యి. సోమారం వస్తరు."